రెండవ ప్రతి

విద్యార్థులారా! మీ యింటిలో మిక్కిలి విలువగల వస్తువేది యని మిమ్మడిగినచో కొందరు బంగారమనియు, కొందరు భూమియనియు, కొందరు పాడియావనియు చెప్పుదురు. బంగారము పోయినచో కష్టపడి మరల కొనవచ్చును. ఆవు చనిపోయినచో మరియొక యావును తెచ్చుకొనవచ్చును. కాని మీ తాతగారు స్వహస్తముతో వ్రాసిన లేఖ గాని, మీ నాయనమ్మ పాడిన పాట గాని పోయినచో ఏ యంగడిలోను దొరకదు. అట్టి వస్తువులే నేడు మన యిండ్లలోని కంప్యూటర్లలోను, చేతి ఫోనులలోను ఫైళ్ల రూపమున చేరియున్నవి. వానిని ఎట్లు కాపాడుకొనవలెనను విషయమున నా యభిప్రాయమును మీకు చెప్పదలచితిని. అభిప్రాయమునకు ముందు నా తప్పును చెప్పుకొనుట న్యాయము.

నేను పూర్వపు కరీంనగరు జిల్లాలో తెలుగు పండితుడుగా కొలువున చేరి, ప్రధానోపాధ్యాయుడనై పదవీ విరమణ చేసినవాడను. 1987వ సంవత్సరము మొదలుకొని సెలవు దినములలో గోదావరి తీరపు పల్లెలు తిరిగి, స్త్రీలు పాడు బతుకమ్మ పాటలను, నాట్ల పాటలను, తిరుగలి పాటలను వ్రాసికొనుట నాకు వ్యసనమయ్యెను. ఇరువదియైదేండ్లలో పదునేడు నోటు పుస్తకములు నిండినవి. 2012లో ఒక కంప్యూటరు కొని, ఆ పాటలను టైపు చేయ నారంభించితిని. ఒక్కొక్క పుస్తకము ఎక్కించుట పూర్తికాగానే, చెదలు పట్టుచున్న దానిని పాత కాగితములు కొనువానికి వేసితిని. కంప్యూటరులోనికి ఎక్కిన అక్షరము శాశ్వతమని నా నమ్మకము.

మా అమ్మాయి అప్పుడప్పుడు, "బాపూ! ఆ పాటలకు ఇంకొక నకలు తీసి పెట్టితివా?" అని యడుగుచుండెడిది. "ఆదివారము తీసెదనమ్మా" అని నేను బదులు చెప్పుచుండెడివాడను. 2016లో ఒక శుక్రవారమునాడు ఆ కంప్యూటరు మొరాయించినది. అందలి హార్డు డిస్కును పట్టుకొని కరీంనగరమునకు పరుగెత్తితిని. బాగుచేయు యువకుడు దానిని చెవికడ నుంచుకొని, లోపలి టకటక శబ్దమును విని తల యడ్డముగా నూపినాడు. హార్డు డిస్కులో అద్దమువంటి పళ్లెములు నిమిషమునకు ఐదు వేల మారులకు మించి తిరుగుచుండును. వానిపై వ్రాతను చదువు ముల్లు, మన తల వెండ్రుక మందములో వేయవ వంతుకంటెను తక్కువ యెత్తున తేలుచుండును. ఆ ముల్లు జారి పళ్లెమును గీచినచో, గీచినంత మేర వ్రాత నశించును. నా పాటలు అట్లు గీయబడి పోయినవి.

మొత్తము నాలుగు వందల పండ్రెండు పాటలు. నాకు జ్ఞాపకమున్నవానిని, మిత్రులకు పంపియున్నవానిని కలిపి రమారమి మూడు వందలు తిరిగి కూర్చగలిగితిని. తక్కినవి పోయినవి. వానిలో ఒక్కటి నన్ను నేటికిని బాధించుచున్నది. ధర్మపురి ప్రాంతమున ఒక పల్లెలో ఒక అవ్వ మూడు రాత్రులు నాతో కూర్చుండి ఒక నాట్ల పాటను చెప్పినది. తమ యూరి చెరువు కట్ట తెగిన రాత్రి ఎవరెవరు మట్టి తట్టలు మోసిరో, ఎవరి యెడ్లబండి ఎంత రాయి తోలినదో, ఆ పాటలో పేరు పేరున ఉండెను. ఆ యూరి చరిత్ర మరియొక చోట వ్రాసియుండలేదు. అవ్వ 2013లో స్వర్గస్థురాలైనది. డిస్కు చెడిన పిమ్మట నేను ఆ పల్లెకు పోయి అడుగగా, ఆమె కోడండ్రకు గాని మనుమరాండ్రకు గాని ఆ పాట రాదు. "మీరు వ్రాసికొన్నరు కద సారూ! మీ దగ్గరనే ఉండవలె కద!" అని వారు నన్నే అడిగిరి. ఆ మాటకు నాయొద్ద ఉత్తరము లేకపోయెను.

ఇట్టి నష్టము మన ప్రాంతమునకు క్రొత్త కాదు. నేటి జగిత్యాల జిల్లాలో గోదావరి యొడ్డున కోటిలింగాల యను గ్రామము కలదు. శాతవాహన వంశమునకు మూలపురుషుడైన సిముకుని నాణెములు అచ్చట దొరకినవి. ఆ శాతవాహనుల కొలువులో గుణాఢ్యుడను కవి యుండెననియు, ఆయన పైశాచీ భాషలో బృహత్కథ యను మహాగ్రంథమును రచించెననియు ప్రసిద్ధి. రాజు ఆ గ్రంథమును తిరస్కరింపగా, కవి మనసు విరిగి, అడవిలో అగ్నిగుండము నెదుట కూర్చుండి, ఒక్కొక్క పత్రమును మృగములకును పక్షులకును చదివి వినిపించి అగ్నిలో వైచెనట. ఏడు లక్షల శ్లోకములలో ఆరు లక్షలు భస్మమైన పిమ్మట రాజు పరుగున వచ్చి, మిగిలిన లక్షను దక్కించుకొనెనట.

కథ కథయే కావచ్చును. కాని పైశాచీ భాషలోని ఆ మూలగ్రంథము నేడు మనకు లభించుట లేదనునది సత్యము. పదునొకండవ శతాబ్దమున కాశ్మీర దేశమందు క్షేమేంద్రుడును, సోమదేవుడును ఆ కథలను సంస్కృతమున తిరిగి చెప్పుటచేత వాని రుచి మనకు తెలిసినది. రాజు కోపమును, కవి దుఃఖమును అట్లుండనిండు. ఆ గ్రంథమునకు రెండవ ప్రతి యొకటి ఏ శిష్యుని యింటిలోనైన నుండినచో, ఆ యగ్ని దానినేమి చేయగలిగియుండెడిది?

మన పూర్వులు ఈ యపాయము నెరుగనివారు కారు. కరీంనగరు జిల్లా గంగాధర మండలమున కురిక్యాల సమీపమందు బొమ్మలగుట్ట కలదు. కన్నడ కవి పంపని తమ్ముడగు జినవల్లభుడు క్రీ. శ. 945 ప్రాంతమున ఆ గుట్ట రాతిపై సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింటను శాసనము చెక్కించెను. అందలి తెలుగు కంద పద్యములు మనకు దొరకిన తొలి కందములలోనివి. తాటియాకును చెదలు తినును, నిప్పు కాల్చును. రాతిని ఆ రెండును ఏమియు చేయలేవు. అయినను నేటి శాసన పరిశోధకులు రాతినొక్కదానినే నమ్మి యూరకుండరు. తడిపిన కాగితమును రాతిపై పరచి, అక్షరముల గుంటలలోనికి దిగునట్లు కుంచెతో కొట్టి, పైన సిరా యద్ది అచ్చు తీయుదురు. రాయి బ్రద్దలైనను అచ్చు మిగులును.

వేదవిద్యకు పేరుగాంచిన మా మంథనిలో మరియొక యుపాయమును చూడవచ్చును. ఘనపాఠము చెప్పు పండితుడు పదములను ముందునకును, వెనుకకును త్రిప్పి త్రిప్పి యుచ్చరించును. ఒక్క పదము జారినను, ఒక్క స్వరము తప్పినను ఆ త్రిప్పుటలో బయటపడును. ప్రతి తీయుటయే చాలదు. తీసిన ప్రతి సరిగా నున్నదో లేదో చూచుకొనుటయు వలయునని ఆ పద్ధతి మనకు బోధించుచున్నది. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. దీని యవసరము మరల వచ్చును.

నా డిస్కు చెడిన తరువాత, చేతులు కాలినవాడు ఆకులు పట్టుకొన్నట్లు, ప్రతి ఆదివారమును స్వయముగా నకలు తీయుదునని నేను ఒట్టు పెట్టుకొంటిని. ఏడు వారములు నడచినది. ఎనిమిదవ వారము బంధువుల యింట పెండ్లి. తొమ్మిదవ వారము జ్వరము. పదియవ వారము మరచితిని. అటుపిమ్మట, మరచితినను సంగతిని గూడ మరచితిని. ముప్పదియేండ్లు పిల్లలకు క్రమశిక్షణను బోధించినవాని స్థితియే యిది.

మా అమ్మాయి ఆదిలాబాదులో ఒక కళాశాలయందు కంప్యూటరు పాఠములు చెప్పుచున్నది. 2017లో బతుకమ్మ పండుగకు పుట్టింటికి వచ్చినపుడు నా సంగతి విని నవ్వినది. "బాపూ! నీవు మరచిపోవుట వింత కాదు. మనిషన్నవాడు మరచిపోవును. దినదినము తప్పక చేయవలసిన పనిని మరచిపోవువానికి అప్పగించుటయే తప్పు. దీనిని యంత్రమునకు అప్పగింతము" అనెను. నాకు మొదట చిన్నతనముగా తోచినది. తరువాత ఆలోచింపగా ఆమె మాటయే సరియని తెలిసినది.

ఆమె చేసిన యేర్పాటును మీకును అర్థమగునట్లు చెప్పెదను. మా యింటిలో అటకపై నొక పాత కంప్యూటరు పడియుండెను. దాని దుమ్ము దులిపి, క్రొత్త డిస్కు నమర్చి, వెనుక గదిలో పెట్టినది. నేను పనిచేయు కంప్యూటరును, ఆ పాత కంప్యూటరును ఒకే రౌటరుకు కలిపినది. ఒక రౌటరుకు కలిసిన కంప్యూటర్లు తమలో తాము ఫైళ్లను ఇచ్చిపుచ్చుకొనగలవు. దీనినే ఇంటి నెట్‌వర్కు అందురు. ఇందుకు ఇంటర్నెట్టుతో పనిలేదు. గాలివానకు ఊరి తీగలు తెగి ఇంటర్నెట్టు నిలిచిపోయినను, ఇంటిలో విద్యుత్తు ఉన్నచో ముందు గదినుండి వెనుక గదికి నకలు పోవుచునే యుండును.

ఇక వేళ నియమింపవలెను. ఫలానా గంటకు ఫలానా పని చేయుమని కంప్యూటరునకు ముందే చెప్పియుంచు పద్ధతి చాల పాతది. యునిక్స్ అను వ్యవస్థలో 'క్రాన్' అను చిన్న ప్రోగ్రాము 1970ల దశకమునుండియు ఈ పని చేయుచున్నది. విండోస్‌లో దీనికి 'టాస్కు షెడ్యూలరు' కలదు. మా అమ్మాయి మొదట రాత్రి పది గంటలకు వేళ పెట్టినది. కాని నేను తొమ్మిదింటికే కంప్యూటరు కట్టివేసి పడుకొనువాడను. నిద్రించు యంత్రము నకలు తీయలేదు కదా! కావున సాయంకాలము ఏడు గంటలకు మార్చినది. యంత్రమునకు పని చెప్పుటకు ముందు ఇంటివారి యలవాటు తెలిసికొనవలెనని ఆనాడు నేను గ్రహించితిని.

అన్ని ఫైళ్లను ప్రతిదినమును మొదటినుండి వ్రాయుట వ్యర్థము. హాజరు పట్టికలో నేటి గడిని మాత్రమే నింపుదుము గాని, పట్టికనంతను తిరిగి వ్రాయము. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరస్ అనువారు ఆస్ట్రేలియా దేశమున 'ఆర్‌సింక్' అను ప్రోగ్రామును రచించిరి. అది మొదట ఫైలు పరిమాణమును, తేదీని చూచి, మారనివానిని విడిచిపెట్టును. మారిన ఫైలును, దూరముననున్న దాని పాత ప్రతిని ముక్కలు ముక్కలుగా పోల్చును. ఒక్కొక్క ముక్కకు లెక్క కట్టి ఒక గుర్తు సంఖ్య నేర్పరచును. సంఖ్యలు కలిసినచో ఆ ముక్క రెండు వైపుల నొక్కటే యని అర్థము. కలియని ముక్కలను మాత్రమే పంపును. ఈ సంగతి వినగానే నాకు ఘనపాఠము జ్ఞప్తికి వచ్చినది. రెండు ప్రతులు ఒక్కటియో కాదో తేల్చుకొనుటకు నాడు స్వరము ఆధారము. నేడు సంఖ్య ఆధారము.

అంతటితో నా కష్టములు తీరెనని తలచితిని. తీరలేదు. ఒకనాడు పొరపాటున నలుబది పాటలున్న ఫైలును చెరిపివేసితిని. మరునాడు తెలిసికొని, నకలు ఉన్నది కదా యని ధైర్యముతో వెనుక గదిలోనికి పోయి చూచితిని. అచ్చటను అది లేదు! ముందు గదిలో ఉన్నదానివలెనే వెనుక గదిలో ఉంచుమని యంత్రమునకు ఆజ్ఞ. నేను చెరిపిన ఫైలును అదియు నమ్మకముగా చెరిపివేసినది. అద్దమునకు వివేకము లేదు. ముఖమునకు మసి యంటినచో అద్దములోను మసియే కనబడును. అదృష్టవశమున ఆ పాటలను నేను అచ్చువేసి ఒక మిత్రునికి ఇచ్చియుంటిని గనుక దక్కినవి.

మా అమ్మాయి పద్ధతిని మార్చినది. ఇప్పుడు ప్రతి సాయంకాలపు నకలును దాని తేదీతో వేరుగా నిలుచును. గడచిన ఏడు దినములవి, నాలుగు వారములవి, పండ్రెండు మాసములవి నిలిచియుండును. అంతకు పాతవి తొలగిపోవును. మారని ఫైళ్లను మరల మరల వ్రాయదు గనుక స్థలమును ఎక్కువ పట్టదు. అద్దము వేరు, దినచర్య పుస్తకము వేరు. మనకు కావలసినది దినచర్య పుస్తకము.

రెండవ దెబ్బ 2019లో తగిలినది. బతుకమ్మ పండుగకు వచ్చిన మా అమ్మాయి, "బాపూ! ఏదైన ఒక పాటను వెనుక గది నకలునుండి తెరచి చూపుము" అనెను. తెరచితిని. కడపటి తేదీ మూడు నెలల నాటిది! డిస్కు నిండిపోయినందున నకలు నిలిచిపోయినది. యంత్రము ఆ సంగతిని ప్రతి సాయంకాలమును తన చిట్టాలో వ్రాసికొనుచునే యున్నది. కాని ఆ చిట్టాను చదివినవారు లేరు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినవని మన సామెత. మా యింట కుక్క ప్రతిరాత్రి మొరిగినది, వినువారే కరవైరి. ఆ మూడు నెలలలో నా కంప్యూటరు చెడలేదు గనుక బ్రతికిపోతిని.

ఈ తప్పు నావంటి పల్లెటూరి పంతులే చేయుననుకొనవలదు. అమెరికాలోని పిక్సార్ అను సంస్థ 'టాయ్ స్టోరీ 2' అను బొమ్మల చలనచిత్రమును తయారుచేయుచుండగా, 1998లో ఎవరో పొరపాటున నిచ్చిన ఒక్క ఆజ్ఞచేత ఆ చిత్రపు ఫైళ్లలో పెద్ద భాగము చెరిగిపోయినది. నకళ్లు ఉన్నవి కదా యని చూడగా, అవి కొంతకాలముగా సరిగా నడచుటలేదని అప్పుడు తెలిసినది. చిత్ర నిర్మాణమున ముఖ్య సాంకేతికురాలైన గాలిన్ సుస్మాన్ ప్రసవానంతరము ఇంటినుండి పనిచేయుచు, ఇంటి కంప్యూటరులో చిత్రపు నకలు నొకదానిని ఉంచుకొనియుండెను. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, మోటారుకారులో జాగ్రత్తగా తెచ్చి, చిత్రమును బ్రతికించిరి. అది 1999లో విడుదలయ్యెను. గొప్ప సంస్థను కాపాడినది ఒక తల్లి యింటిలోని రెండవ ప్రతి!

కావున యంత్రమునకు పని అప్పగించినను కావలి మాత్రము మనదే. నేడు మా యింట నకలు పూర్తియైనపుడు నా ఫోనునకు ఒక చిన్న సందేశము వచ్చును. సందేశము రాని నాడు ఏదో జరిగినదని అర్థము. అదిగాక, ప్రతి మాసము మొదటి దినమున నకలునుండి ఏదో ఒక పాటను తెరచి, మొదటినుండి తుదివరకు చదివి చూతును. తెరచి చూడని నకలును నకలని పిలువరాదనునది నా దృఢమైన యభిప్రాయము. బావిలో నీరున్నదని చెప్పుటకు చేద వేసి చూడవలెను.

ఇంటిలో రెండు ప్రతులున్నను ఇల్లే మునిగినచో ఏమగును? 2022 జూలై నెలలో ఈ ప్రశ్న మా గడపకు వచ్చినది. ఆ నెల గోదావరికి గొప్ప వరద వచ్చినది. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో, నేటి నిర్మల్ జిల్లాలోనున్న కడెము జలాశయమునకు, అది వదలగలిగిన దానికంటె మిక్కిలి హెచ్చుగా నీరు వచ్చుటచే, కట్ట నిలుచునో నిలువదో యని ప్రజలు తల్లడిల్లిరి. మా మంథని పట్టణములోనికిని నీరు చొచ్చినది. నా యిల్లు కొంచెము మెరక గనుక నీరు మా వీధి మొగవరకు వచ్చి నిలిచినది. ముందు గదిలో నొక ప్రతి, వెనుక గదిలో నొక ప్రతి. రెండింటికిని నడుమ నున్నది పది యడుగులు. నీటికి పది యడుగులు ఒక లెక్కయా?

నీరొక్కటియే శత్రువు కాదు. 2017 మే నెలలో 'వన్నాక్రై' అను దుష్ట ప్రోగ్రాము నెట్‌వర్కులవెంట ప్రాకుచు నూటయేబదికి పైగా దేశములలోని కంప్యూటర్లను పట్టుకొనినది. ఫైళ్లను తాళము వేసినట్లు చేసి, ధనమిచ్చిననే విడిపింతునని బెదరించినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నియు దాని వాత పడినవి. అట్టిది ఒక గదిలోని కంప్యూటరులో చొరబడినచో, అదే తీగకు కలిసియున్న రెండవ గదిలోని నకలునకును ముప్పు కలదు.

పీటర్ క్రోగ్ అను ఛాయాచిత్రకారుడు ప్రచారములోనికి తెచ్చిన సూత్రమొకటి కలదు. ప్రతులు మూడు, అవి రెండు విధములైన సాధనములపై నుండవలెను, వానిలో ఒకటి ఇంటి వెలుపల నుండవలెను. మేము దానిని మన సంప్రదాయమునకు తగినట్లు అమర్చుకొంటిమి. రెండు చిన్న డిస్కులు కొంటిమి. బతుకమ్మ పండుగకు మా అమ్మాయి పుట్టింటికి వచ్చునపుడు ఒక డిస్కును తెచ్చును. పోవునపుడు క్రొత్త నకలుతో రెండవ డిస్కును ఆదిలాబాదునకు కొనిపోవును. సంక్రాంతికి మరల మార్పిడి. ఆ డిస్కు ఏ తీగకును కలియక బీరువాలో నుండును. మంథనిలో గోదావరి పొంగినను ఆదిలాబాదులోని బీరువాకు నీరు పోదు. ఆడుబిడ్డ పుట్టింటికి వచ్చి పోవు దారియే మా పాటలకు కాపుదారి యైనది.

నా పాత సహోద్యోగి యొకరు ఈ సంగతి విని, "యంత్రమునకు అన్నియు అప్పగించినచో పిల్లలు సోమరులగుదురు. మనము పాఠమును పదిమారులు వ్రాయించెడివారము కదా!" అనిరి. పాఠమును పదిమారులు వ్రాసిన పిల్లవాని మనసునకు ఆ పాఠము పట్టును. ఆ శ్రమ ఫలము వానికే చెందును. కాని ఫైలును ఒక డిస్కునుండి మరియొక డిస్కునకు మార్చుటలో నేర్చుకొనవలసినది ఏమియు లేదు. అది కూలి పని. దానిని యంత్రము చేయుటలో తప్పులేదు. ఏది కాపాడదగినదో నిర్ణయించుట, కాపాడినది సరిగానున్నదో పరీక్షించుట, ఈ రెండును బుద్ధితో చేయవలసిన పనులు. వానిని యంత్రమునకు విడిచినవాడే సోమరి.

మరియొకరు, "ఇంత శ్రమ ఏల? అన్నియు ఇంటర్నెట్టులో ఏదో ఒక పెద్ద సంస్థయొద్ద నుంచిన సరిపోవును" అనిరి. అదియు మంచిదే, మూడవ ప్రతిగా దానిని నేను కాదనను. కాని సంకేతపదము మరచినను, అద్దె కట్టుట మరచినను ఆ తలుపు మూసికొనును. పొరుగింటి గాదెలో గింజలు దాచుకొనుట తప్పు కాదు. తన యింటి గాదెను పడగొట్టుకొనుట తప్పు.

"మా యింట ఒక్క కంప్యూటరైనను లేదు, రెండు ఎక్కడివి?" అని మీలో పెక్కుమంది యడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. మీ యమ్మ ఫోనులో ఉన్న మీ తాతగారి ఫోటోను, మాటను మీ పినతండ్రి ఫోనునకు పంపుడు. ఒక చిన్న పెన్‌డ్రైవులో వేసి మేనమామ యింట దాచుడు. పండుగ పండుగకు క్రొత్తవి చేర్చుడు. సాధనము చిన్నదైనను సూత్రమొక్కటే: ఒక్కచోట ఉన్నది లేనిదానితో సమానము.

తుదకు ఒక్క మాట. నేడు మా యింట ప్రతి సాయంకాలము ఏడు గంటలకు వెనుక గదిలోని పాత కంప్యూటరు మెల్లగా రొద చేయును. ఆ రొద విన్నపుడెల్ల నాకు ఆ అవ్వ జ్ఞప్తికి వచ్చును. ఎన్ని యంత్రములు పెట్టినను ఆమె పాట తిరిగి రాదు. యంత్రము రెండవ ప్రతిని, మూడవ ప్రతిని తీయగలదు. మొదటి ప్రతిని తీయలేదు. అవ్వ కడకు పోయి, గడపలో కూర్చుండి, "మరల ఒకసారి చెప్పవ్వా" అని యడుగుట మనిషి చేయవలసిన పని. మీ వాడకట్టులో అట్టి అవ్వలు ఇంకను ఉన్నారు. ఈ యేటి బతుకమ్మకు వారియొద్దకు పొండు. విన్నదానిని వ్రాసికొనుడు, ఫోనులోనైన పట్టుకొనుడు. ఆ రాత్రి నిద్రించుటకు ముందే దానికి రెండవ ప్రతి తీయుడు. ఆదివారము తీయుదమని మాత్రము అనుకొనవలదు.